ఫాదర్ అనని మాట

ఈ బరువు మోయడం మొదలుపెట్టి ఎనిమిదేళ్లు దాటింది. మొదట్లో రోజూ గుర్తొచ్చేది. తర్వాత ఆదివారం పూట, గుడిలో పీఠం ముందు నిలబడ్డప్పుడు మాత్రమే. మధ్యలో ఒక ఏడాది దాదాపు మరిచిపోయాను కూడా. నన్ను అన్నిటికంటే భయపెట్టింది ఆ ఏడాదే. ఇట్లాంటిది మరిచిపోగలిగిన మనిషి ఇంకేం మరిచిపోలేడు?

నా పేరు రాయను. ఊరి పేరు కూడా రాయను. కొత్తగూడెం దాటి భద్రాచలం వైపు పోతూ, రోడ్డు వదిలి అడవిలోకి తిరగాల్సిన కోయ ఊళ్లలో ఒకటి అనుకోండి. నేను ఉపదేశిని. మా కతోలిక సంఘాల్లో ఫాదర్ నెలకోసారి వచ్చి పూజ చేసిపోతాడు. మిగతా రోజుల్లో జపాలు నేర్పేది, రోగుల దగ్గర కూర్చునేది, పెళ్లికీ చావుకీ ముందు నిలబడేది ఉపదేశి. జీతం కంటే గౌరవం ఎక్కువ దొరికే పని. ఆ గౌరవం రుచి మరిగితే మనిషి ఏమవుతాడో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మాది కారేపల్లి దగ్గర. మా నాయన వెదురు నరికే అడవి కూపుల్లో కాపలాగా పనిచేశాడు కాబట్టి నా చిన్నతనమంతా అడవిలోనే గడిచింది. కోయ పిల్లలతో ఆడి ఆడి కోయ మాట నాకు తల్లి మాటంత బాగా వచ్చింది. నన్ను ఉపదేశిని చేసింది నా భక్తి కాదు, ఆ భాషే. వచ్చే ఫాదర్లలో ఎవరికీ కోయ రాదు. ఫాదర్ తెలుగులో ఒక మాట అంటే నేను దాన్ని కోయలో చెప్పాలి. వాళ్లు కోయలో అడిగింది తెలుగులో చెప్పాలి. రెండు వైపులా నేనే నోరు, నేనే చెవి.

ఫాదర్ అన్నది అన్నట్టు ఎప్పుడూ చెప్పలేదు నేను. ఇది దాచిన విషయమేం కాదు, ఫాదర్లకూ తెలుసు. ఒకసారి ద్రాక్షచెట్టు, దాని తీగెల గురించి ప్రసంగం. ద్రాక్ష ముఖం చూడని వాళ్లకు ద్రాక్ష గురించి ఏం చెప్పను? ఇప్పచెట్టు అన్నాను. చెట్టు నుంచి విరిగిన కొమ్మకు పువ్వు పూయదని చెప్పాను. అందరూ తలలూపారు. తర్వాత ఆ సంగతి చెబితే ఫాదర్ నవ్వి, "మీరు నాకంటే మంచి ప్రసంగీకులు" అని భుజం తట్టాడు. ఆ మెప్పే నన్ను చెడగొట్టింది. మొదట చెట్టు మార్చాను. తర్వాత పొడుగైన మాటలు పొట్టి చేశాను. నాకు నచ్చనివి వదిలేశాను. చివరికి ఏం చేశానో చూడండి.

అది క్రీస్తు పుట్టి రెండువేల ఏళ్లయిందని జరుపుకున్న జూబిలీ సంవత్సరం, రెండువేలు. ఎక్కడ చూసినా అదే హడావిడి. మా ఊరి చిన్న గుడి పునీత అంతోనివారి, అంటే సెయింట్ ఆంథోనీ పేరు మీద ఉంది. ఆయన పండుగ జూన్‌లో, తొలకరి పడే వేళకు వస్తుంది. ఆ పండుగకు ఊరంతా జ్ఞానస్నానం తీసుకుంటారని విచారణ కేంద్రంలో, అంటే మా చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ పెద్ద గుడి ఉన్న చోట, పెద్ద ఫాదర్ల ముందు గొప్పగా చెప్పి వచ్చాను. ఎవరూ అడగలేదు. నేనే చెప్పాను. బిషప్‌గారు కూడా వస్తారన్నారు. ఇక నాకు కాళ్లు నేలమీద నిలవలేదు.

ఊరంతా అంటే నిజానికి ఒక్క జోగమ్మ. ఆ ఊళ్లో పెద్దది. ఆమె ఊఁ అంటే కొడుకులు, కోడళ్లు, వాళ్ల వెనుక గూడెమంతా కదులుతుంది. ఆమె ప్రార్థనకు వచ్చేది, పాటలకు చప్పట్లు కొట్టేది, నేను చెప్పిన యేసు కథలకు కళ్లనీళ్లు పెట్టుకునేది. జ్ఞానస్నానం మాటెత్తితే మాత్రం "చూద్దాం పంతులూ" అనేది. ఎందుకో నాకు తెలుసు. ఆమె చిన్న కొడుకు చలిజ్వరంతో పోయాడు. మీసాలు కూడా సరిగ్గా రాని పిల్లవాడు. కోయవాళ్లలో చనిపోయిన మనిషిని ఊరి బయట వదిలేసి రారు. కర్మలన్నీ అయ్యాక ఆ జీవాన్ని పిలిచి మళ్లీ ఇంటికే తెచ్చుకుంటారు. ఇంట్లో చీకటి మూలన ఒక కుండ ఉంటుంది, ఆనకుండ అంటారు. పోయినవాళ్లు అందులో ఉంటారు. ఇంట్లో ఏది వండినా మొదటి ముద్ద అక్కడ పెట్టాకే మిగతావాళ్లు తింటారు. జోగమ్మ చిన్నోడు ఆ కుండలో ఉన్నాడు.

అప్పటి ఫాదర్ కేరళ నుంచి కొత్తగా వచ్చినవాడు, నాకంటే చిన్నవాడు. మెత్తటి మనిషి. ఆయనది పుస్తకాల తెలుగు, దానికి మలయాళం యాస. తెలుగే మాట్లాడే సత్తుపల్లి వాళ్లకే సగం అర్థమయ్యేది కాదు, ఇక జోగమ్మకు ఏం అర్థమవుతుంది? ఆమెకు ఉప్పు, మిరపకాయ కొనుక్కునేంత తెలుగే వచ్చు. ఫాదర్ మాట్లాడుతుంటే ఆయన ముఖం చూసేది కాదు, నా నోరు చూసేది.

మే నెల చివర. ఊరంతా బీడీలకు తునికాకు కట్టలు అప్పజెప్పే కల్లం దగ్గర ఉంది. జోగమ్మ ఇంటి అరుగు మీద ఆమె, ఫాదర్, నేను ముగ్గురమే ఉన్నాం. ఆమె కోయలో అడిగింది, నేను తెలుగులో రాస్తున్నాను.

"పంతులూ, నేను నీళ్లు పోయించుకుంటె చిన్నోడు ఏమైతడు? కుండల ఉన్నడు గదా. వానికి బువ్వ ఎవలు పెడతరు? సచ్చినంక నేను వాని దగ్గరికి పోతనా, అయ్య చెప్పే కాడికి పోతనా? అయ్యను అడుగు."

ఇది మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాను.  ఫాదర్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. తర్వాత అన్నాడు.

"అమ్మకు చెప్పండి ఉపదేశిగారూ. దేవుడు ఆ బిడ్డను ఎప్పుడో తన చేతుల్లోకి తీసుకున్నాడు. కుండను ఉండనివ్వమనండి. తీసేయమని నేను అడగను. ఆమె మనసు కుదుటపడిన రోజు ఏం చేయాలో ఆమెకే తెలుస్తుంది. జ్ఞానస్నానానికి అది అడ్డం కాదు. ఆ బిడ్డ కోసం పూజలో నేను ప్రార్థిస్తాను."

నాకు ఒళ్లు మండింది. ఎందుకు మండిందో ఇన్నేళ్లుగా తవ్వుకుంటూనే ఉన్నాను. మా నాయనమ్మ జ్ఞానస్నానం తీసుకున్న రోజున ఇంట్లో తరతరాలుగా పూజించిన రాయిని తన చేత్తో బావిలో పడేసిందట. మా ఇంట్లో ఆ కథ చెప్పని పండుగ లేదు. విశ్వాసమంటే ఏదో ఒకటి పగలాలి, ఎవరో ఒకరు ఏడవాలి అని నా బుర్రలో నాటుకుపోయింది. మా ముసలామె అంత చేస్తే ఈ ముసలామెకు ఇంత సులువుగా ఇచ్చేస్తాడా? నిన్నగాక మొన్న ఫాదరైన కుర్రాడు నాకు క్రైస్తవం నేర్పుతాడా? ఇదంతా ఒక కారణం. దానికింద ఇంకొకటి ఉంది, అది చెప్పడానికి సిగ్గు. మనసు కుదుటపడిన రోజు అంటే ఎప్పుడు? పండుగ జూన్‌లో. బిషప్‌గారు వచ్చేది జూన్‌లో. కుండ మూలనే ఉంటే ఆమె ఇంకో ఏడాది ఊగిసలాడుతుంది. కుండ పోతే ఇక వెనక్కి తిరగదు. అంతే. అంత నీచమైన లెక్క.

నేను ఆమె వైపు తిరిగి అన్నాను.

"జోగమ్మా, అయ్య ఏమంటున్నడంటే, ఆ కుండ ఉన్న ఇంట్ల యేసు ప్రభువు ఉండడు. కుండ ఉంటె నీళ్లు పొయ్యడు. నువ్వు తీసేస్తెనే చిన్నోనికి గూడ విడుదల. లేకుంటె వాడొక దిక్కు, నువ్వొక దిక్కు."

"అయ్య గట్లనే అన్నడా?"

"అవ్. గట్లనే అన్నడు."

ఆమె మొదటిసారి నా నోరు వదిలి ఫాదర్ ముఖం చూసింది. ఆయన చిరునవ్వు నవ్వి ఆమె తల మీద చెయ్యి పెట్టాడు. తను ఓదార్చాననుకున్నాడు పాపం. ఆమె ఆ నవ్వు చూసి నా అబద్ధాన్ని నమ్మింది.

ఆ మరుసటి వారం నేను వెళ్లేసరికి మూల ఖాళీగా ఉంది. పెద్ద కొడుకు ముత్తయ్య చెప్పాడు. పొద్దున్నే కుండను కొత్త గుడ్డలో చుట్టి వాగుకు తీసుకుపోయిందట. వాగులో నీళ్లు లేవు. ఇసుకలో పెట్టుకుని పొద్దెక్కేదాకా దానితో మాట్లాడిందట. ఆ తర్వాతే పగలగొట్టిందట. చెప్పి ముత్తయ్య నా వైపు చూడకుండా, "మీ అయ్య చెప్పిండంట గదా" అన్నాడు. నేను ప్రార్థనకు అందరినీ పిలవమన్నాను.

ఫాదర్‌కు చెప్పినప్పుడు ఆయన నమ్మలేకపోయాడు. "ఆమే తీసేసిందా?" అన్నాడు. "ఆమే ఫాదర్. ఎవరూ చెప్పలేదు" అన్నాను. చూశారా, ఒక అబద్ధానికి కాపలా పెట్టాలంటే ఇంకో అబద్ధం కావాలి. ఆయన అక్కడికక్కడే గుడిలోకి పోయి మోకరించాడు. నేను బయట నిలబడి చెప్పులు చూసుకుంటూ ఉన్నాను.

పండుగ బ్రహ్మాండంగా జరిగింది. బిషప్‌గారు వచ్చారు. గూడెం మొత్తం జ్ఞానస్నానం పొందింది. నాకు శాలువా కప్పారు. ఆ రోజు నేనే పునీత అంతోనివారి కథ చెప్పాను. ఆయన చనిపోయిన ఎన్నో ఏళ్లకు సమాధి తెరిస్తే ఒళ్లంతా మన్నైపోయినా నాలుక మాత్రం చెడకుండా ఉందట. అంత సత్యం పలికిన నాలుక అది. మైకు పట్టుకుని ఆ మాటలు నేనే అన్నాను.  ఆ తర్వాత ప్రతి ఏడూ చెబుతూనే ఉన్నాను. వినేవాళ్లకు సెల్‌ఫోన్ పోతే దొరికించే సామిగా అంతోనివారు కావాలి కానీ ఈ కథ ఎవరికి కావాలి? ఇప్పుడు పండుగంటే పెద్ద పెద్ద సౌండు బాక్సులు, ఫాదర్ల ఫొటోలతో ఫ్లెక్సీలు. ఇట్లా జనం మీద చిరాకు పడుతుంటాను. వాళ్ల మీద పడితే నా మీద పడనక్కర్లేదు కదా.

ఆ ఏడాదే కొత్తగూడెంలో జూబిలీ సభ పెట్టారు. బొగ్గుగని కార్మికుల కుటుంబాలు వందల్లో వచ్చాయి. ఫాదర్ జోగమ్మను జీపులో తెప్పించి ముందు వరుసలో కూర్చోబెట్టాడు. సిస్టర్లు తెల్లచీర కట్టించారు. ఆయన ప్రసంగంలో ఆమె కథ చెప్పాడు. ఎవరూ అడగకుండానే ఈ తల్లి తన కొడుకు గుర్తును దేవుడికి ఇచ్చేసిందని, బతికున్న పునీతులు ఇట్లాగే ఉంటారని అన్నాడు. చప్పట్లే చప్పట్లు. ఆడవాళ్లు వచ్చి ఆమె చేతులు కళ్లకద్దుకున్నారు. ఆమె బెదిరిపోయి నా చెయ్యి పట్టుకుంది.

"అయ్య ఏమంటున్నడు పంతులూ? చిన్నోని ముచ్చట ఏమన్న చెప్తున్నడా?"

"నువ్వు మంచిదానివంటున్నడు."

"వాడు ఏడున్నడో చెప్పిండా?"

"ప్రభువు దగ్గర ఉన్నడు."

"మరి నాకెందుకు కండ్లబడడు? కుండ ఉన్నప్పుడు కలలకొచ్చెటోడు."

 పాట మొదలైంది, లేచి నిలబడమని సైగ చేశాను. పాట నన్ను కాపాడింది. మా సంఘాల్లో జవాబు లేని చోటల్లా ఒక పాట ఉంటుంది.

ఆ తర్వాత జోగమ్మను చూసినప్పుడల్లా ఏదో ఒకటి కంటబడేది. అలవాటు కొద్దీ మొదటి ముద్ద పక్కకు తీసేది. తీసి, ఆ చెయ్యి ఎటు చాచాలో తెలియక చూసుకునేది. ఒక్కోసారి కోళ్లకు వేసేది, ఒక్కోసారి తనే తినేది. ఆదివారం ప్రార్థన మానలేదు. నన్ను ఏనాడూ తప్పు పట్టలేదు. చెప్పింది అయ్య కదా. ముత్తయ్య మాత్రం ఫాదర్ వస్తే మంచం వాల్చేవాడు, నీళ్లిచ్చేవాడు, మాట్లాడేవాడు కాదు. ఫాదర్ దాన్ని బిడియం అనుకునేవాడు.

ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనానికి పోలేదా అని మీరు అడగొచ్చు. పోయాను. ప్రతి ఈస్టరుకూ, ప్రతి క్రిస్మస్‌కూ పోయాను. "అబద్ధాలు చెప్పాను ఫాదర్" అనేవాణ్ణి. ఏ అబద్ధమని ఏ ఫాదరూ అడగలేదు. మూడు మంగళవార్త జపాలు చెప్పుకోమనేవారు. చెప్పుకునేవాణ్ణి. మూడు జపాలకు తీరిపోయే అబద్ధమా అది? పిల్లవాడు బెల్లం దొంగిలించినట్టు చెబితే దానికి తగ్గ శిక్షే పడుతుంది. నేను ఒప్పుకున్నట్టే ఒప్పుకుని దాచుకున్నాను. దేవుడి దగ్గర కూడా నా దుబాసీ పనే చేశాను.

పెంతెకోస్తు పండుగ రోజు పఠనం చదవడం నా వంతు. పవిత్రాత్మ దిగివచ్చినప్పుడు ఎవరి భాషలో వాళ్లకు దేవుని మాట వినిపించిందన్న భాగం. నాకా భాగం అంటే కోపం. అక్కడ మధ్యలో మనిషి లేడు. మధ్యలో నాలాంటివాడు లేకపోతే దేవుని మాట ఎంత సులువుగా చేరుతుంది! నేను దగ్గినట్టు చేసి ఆ వాక్యాలు గబగబా చదివేస్తాను.

నాలుగేళ్లకు జోగమ్మకు జబ్బు చేసింది. వానాకాలం. అప్పటికి ఆ ఫాదర్ కేరళకు బదిలీ అయిపోయాడు. కొత్త ఫాదర్ బయల్దేరాడు కానీ వాగు పొంగి అవతలే ఆగిపోయాడు. దవాఖానాకు తీసుకుపోయే దారి కూడా లేదు. నేను పక్కన కూర్చున్నాను. కోడలు బయట జావ కాస్తోంది. జోగమ్మ కళ్లు తెరిచి, "పంతులూ, అయ్యను ఒక్కమాట అడుగు" అంది. అయ్య ఇక్కడ లేడన్న సంగతి ఆమెకు గుర్తులేదు. "నేను పోయే కాడ కుండలుంటయా? వాడు పాత ఇంటికే వస్తడేమో. వస్తె ఏమీ లేకపాయె."

అప్పుడు చెప్పాల్సింది. ఇద్దరమే ఉన్నాం. ఫాదర్ కుండ ఉండనివ్వమన్నాడు జోగమ్మా, దేవుడు వాణ్ణి ఎప్పుడో ఎత్తుకున్నాడన్నాడు, పగలగొట్టమన్నది నేను అని అనాల్సింది. పోయే ప్రాణాన్ని ఎందుకు బాధపెట్టాలి, నెమ్మదిగా పోనీ అనుకున్నాను. ఎంత మంచి సాకు! ఆమె నెమ్మదిగా లేదు. అది నా కళ్లకు కనిపిస్తూనే ఉంది. నెమ్మదిగా ఉండాలనుకున్నది నేను. పరలోక జపం ఎత్తుకున్నాను. ఆమె నాతో గొంతు కలపలేదు. నా నోటి వంక చూస్తూనే ఉంది. సాయంత్రానికి పోయింది. సిలువ పెట్టి పాతిపెట్టాం. ప్రార్థన నేనే చేశాను.

ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, పశ్చాత్తాపం పొంగుకొచ్చి కాదు. అట్లా రాసుకుంటే బాగుండేది. ఆ ఫాదర్ ఈ ఏడు అంతోనివారి పండుగకు వస్తున్నాడు. ఫోన్ చేశాడు. ఇప్పటికీ కేరళలో జోగమ్మ కథ చెబుతున్నాడట, ఆమె సమాధి చూడాలట, ముత్తయ్యతో కూర్చుని మాట్లాడాలట. బదిలీ అయ్యే నాటికే ఆయన తెలుగు చక్కబడింది. ముత్తయ్యకు తెలుగు ఎప్పుడూ వచ్చు. ఇక వాళ్ల మధ్య నేను అక్కర్లేదు. "కుండ ఉంచుకోమనే మీ అమ్మకు చెప్పాను" అని ఫాదర్ ఒక్క మాట అంటే చాలు. అందుకు భయమేసింది. నన్ను లేపింది ఆ భయమే. నా ఒప్పుకోలు కూడా ఇంత పిరికిది.

మొన్న పొద్దున్నే ముత్తయ్య దగ్గరికి పోయాను. బాడిసతో నాగలికి కొత్త కర్ర చెక్కుతున్నాడు. నిలబడే చెప్పాను, కోయలోనే. అరుగు మీద ఫాదర్ ఏమన్నాడో, నేను ఏం చెప్పానో, కొత్తగూడెంలో ఏం జరిగిందో, చివరి రోజు ఏం చెప్పలేదో, అన్నీ. పండుగ సంగతి, బిషప్‌గారి సంగతి కూడా దాచలేదు. క్షమించమని అడగలేదు. అడిగే ముఖం లేదు. అతను బాడిస ఆపాడు. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను.

అతను కర్ర మీది పొట్టు దులిపి, "అయితె నా తమ్ముడు ఏడున్నడు?" అన్నాడు.

ప్రభువు దగ్గర అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఎన్ని చావుల దగ్గర చెప్పానో ఆ మాట. ఆపుకున్నాను.

"నాకు తెల్వదు ముత్తయ్యా" అన్నాను.

ఆ ఊళ్లో నోరు విప్పిన ఇన్నేళ్లలో ఎవరి తరఫునా కాకుండా, నా తరఫున నేను ఇచ్చిన నిజమైన జవాబు అదొక్కటే. ముత్తయ్య మళ్లీ బాడిస ఎత్తాడు.  కొంచెంసేపు నిలబడి నేనే వచ్చేశాను. దారి పొడుగునా ఊపిరి తేలిగ్గా ఆడింది. జోగమ్మకు చివరిదాకా ఆడని ఊపిరి నాకు ఆడుతున్నందుకు సిగ్గేసింది.